రంగు తిరగని నీళ్ళు

మా వదిన నీళ్ళు తయారుచేస్తుంది. ఈ మాట చెబితే జనం ఓసారి నా మొహంలోకీ ఓసారి కుళాయివైపూ చూస్తారు. తిప్పితే వచ్చేవాటిని తయారుచేయడమేమిటని. నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే. ఇప్పుడు ఆ నీళ్ళ సంగతి, ఆమె తమ్ముడు ఆమెకు చేసిన పని సంగతి ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. మండుతూనే చెబుతాను. చల్లారాక చెప్పాలంటే ఈ జన్మకు కుదరదు.

వదినంటే పోయిన మా అన్నయ్య భార్య. మాది ఇరుకు వీధిలో రెండంతస్తుల ఇల్లు. కింద వీధివైపు గదిలో నా కుట్టుమిషను, దారపు రీళ్ళ అల్మారా. నడవా దాటితే వదిన గది, దాని పక్కనే ఆమె తమ్ముడి గది. పై అంతస్తు మొత్తం నీళ్ళదీ చేపలదీ. తమ్ముడికి నలభై రెండేళ్ళొచ్చినా వీధి వీధంతా వాణ్ణి చిన్నోడనే అంటుంది. వాడి నాలుగో ఏట తల్లి పోతే, పద్దెనిమిదేళ్ళ వదినే నీళ్ళు పోసి, ముద్దలు పెట్టి పెంచింది. పెళ్ళయి మా ఇంటికి వచ్చేటప్పుడు కూడా వాడి చెయ్యి పట్టుకునే వచ్చింది. "అందరూ పెట్టెలు తెచ్చుకుంటారు, నువ్వు పిల్లాణ్ణి తెచ్చుకున్నావేం వదినా" అని నేను ఆటపట్టిస్తే, "పెట్టె అయితే ఒకచోట పడుంటుంది, వీడు పరిగెడతాడు, అదే తేడా" అని నవ్వేది.

వదిన ఇరవై రెండేళ్ళు ఒక స్కూలు కెమిస్ట్రీ లాబ్‌లో అటెండరుగా పనిచేసింది. గాజు గొట్టాలు కడగడం, సీసాలు నింపడం, పిల్లలు వొలకబోసింది తుడవడం. ఆ ఘాటుకి ముక్కు పోయింది. గులాబీ పెట్టినా గ్యాసు లీకైనా ఆమెకు ఒకటే. అందుకని ముక్కు చేయాల్సిన చాకిరీ కూడా కళ్ళే చేసేవి. లాబ్‌లో మేష్టార్లు సైతం ట్యూబు వెలుగులోకి ఎత్తి, "ఇది రంగు తిరిగినట్టేనంటావా?" అని ఆమెనే అడిగేవారు. ఆ స్కూల్లో పెద్ద మేష్టారి గదిలో ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో చేపలు ఎన్ని తెచ్చినా వారం తిరక్కుండా పోయేవి. తప్పు చేపలది కాదు, నీళ్ళదని మొదట కనిపెట్టింది వదినే. అలా పట్టుకున్న పిచ్చి ఉద్యోగం మానేశాక బతుకుతెరువైంది.

ఆమె పెంచేది డిస్కస్ అనే చేపల్ని. పళ్ళెంలా గుండ్రంగా, పలచగా, ఒంటినిండా గీతలతో ఉంటాయి. చూడ్డానికి ఎంత బావుంటాయో అంత అలకబూనే రకం. కుళాయి నీళ్ళు వాటికి పడవు. అందులో సున్నముంటుంది, క్రిములు చావడానికి కలిపిన క్లోరిన్ మందు ఉంటుంది. మందు మనకు మంచిదే, చేపల మొప్పల్ని మాత్రం కాల్చేస్తుంది. అందుకని వదిన పై గదిలో గోడకు మూడు లావుపాటి గొట్టాలు బిగించి ఉంటాయి. మొదటిది మట్టిని ఆపుతుంది. రెండోదాంట్లో బొగ్గు, మందుని మింగేది అదే. మూడోదాంట్లో ఒక పొర ఉంటుంది, సున్నాన్నీ ఉప్పునీ రానివ్వదు. అన్నీ దాటుకుని నీళ్ళు సన్నటి పైపులోంచి చుక్క చుక్కగా నీలం డ్రమ్ములో పడతాయి. డ్రమ్ము నిండేసరికి పొద్దున్న మొదలుపెట్టింది సాయంత్రమవుతుంది. పొర తోసిపారేసిన నీళ్ళు బకెట్లకు పట్టి నా నెత్తిన రుద్దేది, బట్టలకూ నేలకూ అవే వాడాలని ఆజ్ఞ.

ఇంత తంటాలు పడి తీసిన నీళ్ళలో తిన్నగా చేపను వేస్తే చచ్చి ఊరుకుంటుంది. ఇది నాకు ఎంతకీ మింగుడుపడేది కాదు. "అందులో ఏమీ లేదమ్మాయీ, అంతా తీసేశాం కదా. ఒట్టి శుద్ధి ఎవరికీ పనికిరాదు. చేపకైనా మనిషికైనా కాస్త ఉప్పుండాలి" అనేది వదిన. పైపులోంచి వచ్చే నీళ్ళలో, కరిగిన లవణాల్ని కొలిచే మీటరు ముంచితే ఆరు చూపించేది. ఏళ్ళ తరబడి అదే ఆరు. అప్పుడు లాబ్ తక్కెడలో ఖనిజాల పొడి తూచి, కొంచెం కొంచెం కలిపి వందకు తెచ్చేది. గాలి బుడగలు వదిలి ఒకరోజు ఆరనిచ్చేది. వెచ్చబెట్టేది. అన్నీ అయ్యాక చివరి పరీక్ష. గాజు గొట్టంలో కాసిని నీళ్ళు పోసి, ముదురు గోధుమరంగు సీసాలోంచి అయిదు చుక్కలు వేసి, కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకునేది. మందు జాడ ఏమాత్రం ఉన్నా నీళ్ళు పసుపురంగు తిరుగుతాయి. తిరక్కపోతేనే ఆ డ్రమ్ముకి మోక్షం. ఒకసారి నా కంటికి ఏ రంగూ ఆనని ట్యూబు చూసి డ్రమ్ము డ్రమ్మంతా తూములో పోసేసింది. అడిగితే, "లేత గడ్డిపోచ రంగుంది, చూడు" అంది. నేను చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

డిస్కస్ పెంచేవాళ్ళు ఎక్కడెక్కడినుంచో క్యాన్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆమెకు చుక్కలావిడని పేరుపడింది. కొత్తగా అద్దెకొచ్చిన ఎదురింటాయన ఆ పేరు విని ఇదేదో సారా బేరమనుకుని ఒక సాయంత్రం గ్లాసు పట్టుకుని వచ్చాడు. వదిన గ్లాసు నింపి, "ఆరోగ్యానికి ఇంతకన్నా మంచిది దొరకదు" అని చేతిలో పెట్టి పంపింది.

చిన్నోడి పని ఒక్కటే. మూడు నెలలకోసారి బొగ్గు గొట్టం విప్పి, లోపలి బొగ్గు కడ్డీ మార్చి, గొట్టానికి అంటించిన టేపు మీద తేదీ రాయడం. మణికట్టులో బలం కావాలి గనక ఆ పని వాడికి అప్పజెప్పింది. మిగతా రోజంతా వాడు వీధి చివర కూర్చుని లోకాన్ని నడిపించేవాడు. నేను సణిగితే వదిన నన్నే కసిరేది. "వాడు చేసేది ఒక్క పనే, కానీ ఆ ఒక్కటీ తప్పడు" అనేది.

ఆ ఏడు వానలకు ముందు వదిన దగ్గర ఒక చేపల జంట పిల్లల్ని పెట్టింది. రెండేళ్ళుగా గుడ్లు పెట్టడం, పాడవడం, అదే వరస. ఈసారి నిలిచాయి. డిస్కస్ పిల్లలు బయటి తిండి తినవు. తల్లీ తండ్రీ ఒంటిమీద ఊరే జిగురుని కొరుక్కు తింటాయి. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు, వందకు పైనే, తల్లి పక్కలకు అంటుకుని వేలాడేవి. తల్లి అలిసిపోతే ఒక్కసారి ఒళ్ళు విదిలించుకునేది, అవన్నీ ఒక్క ఊపున తండ్రి మీదకు మారేవి. మొదటిరోజు నాకు వెగటేసింది. మూడోరోజుకి మిషను ఆపేసి పైకెక్కి కూర్చునేదాన్ని. వదిన కుర్చీ వేసుకుని తొట్టి ముందే కూర్చుని, "చూడమ్మాయీ, అమ్మ ఒంటినే తిని పెరుగుతున్నాయి" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

తరవాత వానలు పడ్డాయి. ఏరు బురదైతే నీళ్ళ శాఖవాళ్ళు మందు మోతాదు పెంచుతారు, ఆరబెట్టినా పోని రకం వాడతారు. అది వదినకు తెలియని సంగతి కాదు. ఆ వారం ప్రతి డ్రమ్మునీ రెండేసిసార్లు పరీక్షించింది. ట్యూబు తేటగానే ఉంది. ఒక పొద్దున్న తొట్టిలో నీళ్ళు మార్చింది. మధ్యాహ్నానికి తల్లిచేప నల్లబడి మూలకు ఒదిగింది. తండ్రి పైకి తేలి నోరు తెరుచుకుని గాలికోసం కొట్టుకుంటున్నాడు. ఒంటిమీద జిగురు తెల్లటి పొరలుగా ఊడిపోతోంది. పిల్లలు ఆ పొరల్ని పట్టుకుని వాటితోపాటే అడుక్కి పోయాయి. సాయంత్రం లోపు అన్నీ పోయాయి. వదిన ఎన్నిసార్లు ట్యూబు ఎత్తి చూసిందో, అన్నిసార్లూ తేటగానే ఉంది. 

మర్నాడు మా దగ్గర నీళ్ళు పట్టుకెళ్ళే పళ్ళ డాక్టరు వచ్చాడు. ముందురోజు రెండు క్యాన్లు పట్టుకెళ్ళాడు, ఆయన చేపలూ పోయాయి. మంచివాడు, గొంతు పెంచలేదు. కుళాయి నీళ్ళకు వాడే చుక్కలు ఆయన దగ్గరా ఉన్నాయట. క్యాన్లో మిగిలిన నీళ్ళలో వేస్తే పసుపుపచ్చగా తిరిగాయట. "మీరు పరీక్ష చేయకుండా ఇవ్వరని నాకు తెలుసమ్మా" అన్నాడు. "ఒకసారి కళ్ళు చూపించుకోకూడదూ?"

ఆ మాటకు వదిన బదులు చెప్పకముందే చిన్నోడు అందుకున్నాడు. "నేనూ కొన్నాళ్ళుగా అదే అనుకుంటున్నాను సార్. అక్కకి చూపు మందగించింది. చెబితే బాధపడుతుందని ఊరుకున్నాను."

వదిన వాడివైపు చూసింది. కోపంగా కాదు. ఇన్నాళ్ళూ నా బాధ ఎరిగి దాచుకున్నాడా నా తమ్ముడు అన్నట్టు చూసింది. పిచ్చిది.

వాడే ఆటో పిలిచి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వాడే చెయ్యి పట్టుకుని దింపాడు. శుక్లాలు ఇప్పుడిప్పుడే మొదలయ్యాయని, ఇంకా ముదరలేదని, ఈ వయసుకి మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. "రంగులు తేడాగా కనబడతాయా?" అని వాడు అడిగాడు. కొందరికి పసుపు సరిగా ఆనకపోవచ్చంది ఆవిడ. ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్కే పదిసార్లు చెప్పాడు.

వదిన పై గది తాళంచెవి వాడికి ఇచ్చేసింది. తన గోధుమరంగు సీసా, ట్యూబు మాత్రం గుడ్డలో చుట్టి కిందకు తెచ్చుకుని బట్టల అరలో పెట్టుకుంది. "పాతది ఎందుకక్కా, పారేస్తాను ఇలా ఇవ్వు" అని వాడు రెండుసార్లు అడిగాడు. "ఉండనీరా, అలవాటైన చెయ్యి" అంది.

అప్పట్నుంచి మొదలైంది అసలు నరకం. ముక్కు ఎలాగూ లేదు, ఇక కళ్ళు కూడా పోతాయని ఆమె తేల్చేసుకుంది. పొద్దున్నే అద్దం ముందు ఒక కన్ను మూసి ఇంకో కన్ను తెరిచి చూసుకునేది. కళ్ళు మూసుకుని బొత్తాలు పెట్టుకోవడం నేర్చుకునేది. నడవాలో కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేది. "పదకొండు అడుగులమ్మాయీ, నీ గది గుమ్మానికి" అని చెబితే నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను. చిన్నోడు ఇదంతా చూశాడు. చూసి, నైలాను తాడు తెచ్చి, మెట్ల పక్క గోడకు మేకులు కొట్టి, ఆమె పట్టుకుని ఎక్కడానికి కట్టాడు. వీధంతా మెచ్చుకుంది. అక్కను తల్లిలా చూసుకుంటున్నాడని. నేనూ మెచ్చుకున్నాను. ఇన్నాళ్ళూ వాణ్ణి అనరాని మాటలన్నానే అని నొచ్చుకున్నాను కూడా. నా నోరు పడిపోను.

పైగా వాడి చేతిలో నీళ్ళు బ్రహ్మాండంగా తయారవుతున్నాయి. ఒక్క చేపా పోలేదు. క్యాన్లవాళ్ళు తిరిగి రావడం మొదలుపెట్టారు. "చుక్కలావిడకి వయసైపోయిందండీ, తమ్ముడు నయం" అని మా గుమ్మంలోనే, ఆమె వినేలాగే అనుకునేవాళ్ళు.

ఇరవై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం స్కూలు చొక్కాలు కుడుతున్నాను. పసుపు గుడ్డ. రీలు తీసి మిషనుకి ఎక్కించబోతుంటే, ఊరికే కూర్చుని ఉన్న వదిన, "అది కాదమ్మాయీ" అంది. "గుడ్డ కాస్త ఆకుపచ్చవైపు పోతోంది. పైవరసలో నాలుగోది తియ్యి."

తీశాను. గుమ్మంలోకి పోయి ఎండలో గుడ్డమీద పెట్టి చూశాను. దారం ఎక్కడుందో కనపడనంతగా కలిసిపోయింది.

అల్మారాలో ఉన్న పసుపు రీళ్ళన్నీ తీశాను, తొమ్మిది. అడుగున నంబర్లు కనపడకుండా బల్లమీద పోసి, లేతదగ్గర్నుంచి ముదురు దాకా వరసగా పేర్చమన్నాను. "ఎందుకే ఈ ఆటలు" అంటూనే పేర్చింది. మధ్యలో రెండు రీళ్ళు నాకైతే ఒకేలా ఉన్నాయి. తిప్పి నంబర్లు చూశాను. ఒక్కటీ తప్పలేదు. ముప్ఫై ఏళ్ళుగా దారాలతోనే బతికేదాన్ని నేను, నాకన్నా ఆమెకే బాగా కనబడుతున్నాయి.

"మరి ఆ రోజు ట్యూబు ఎందుకు తిరగలేదు వదినా?" అన్నాను.

వదిన లేచి వెళ్ళి బట్టల అరలోంచి గుడ్డమూట తెచ్చింది. పెరట్లో కుళాయి తిప్పి ట్యూబులో పట్టింది. శుద్ధి లేదు ఏమీ లేదు, అచ్చంగా కుళాయి నీళ్ళు. ఆమెకు తెలియకపోయినా నా ముక్కుకు మందు వాసన కొడుతూనే ఉంది. అయిదు చుక్కలు వేసింది. రంగు తిరగలేదు. పది వేసింది. తిరగలేదు.

"నీళ్ళను పరీక్షించాను" అంది నెమ్మదిగా. "పద్దెనిమిదేళ్ళు. ఒక్కనాడూ సీసాను పరీక్షించలేదు."

"సీసాలో మందు పాతదైపోయిందేమో" అన్నాను.

ఒక చుక్క వేలిమీద వేసుకుంది. సీసాలో ఉండాల్సింది పుల్లటి యాసిడ్, పడితే చురుక్కుమంటుందట. ఇది చురుక్కుమనలేదు. వాడు తాళం వేయకుండా వదిలేసిన పై గదిలోంచి నాచేత మీటరు తెప్పించింది. సీసాలో ఉన్నదంతా గిన్నెలోకి వొంపి మీటరు ముంచింది. యాసిడ్ అయితే అంకె హద్దులు దాటిపోవాలి. నేను కళ్ళజోడు సర్దుకుని చదివాను.

ఆరు.

ఆరు చూపించే నీళ్ళు మా పై గదిలో పైపుకింద తప్ప ఈ వీధిలో ఇంకెక్కడా దొరకవు. ఎవరో ఆమె నీళ్ళే పట్టి ఆమె సీసాలో పోశారు. ఆ గొట్టాల దగ్గర చెయ్యి పెట్టేది అక్కాతమ్ముళ్ళిద్దరే. నాకు చెప్పులు తీసుకుని వీధి చివరికి పరిగెత్తాలనిపించింది. వదిన నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వాణ్ణి రానీ. వాడి నోటితో చెప్పనీ. ఇంకేదైనా కారణముందేమో" అంది. అప్పటికీ ఆశే.

వాడు వచ్చేసరికి బల్లమీద సీసా, గిన్నె, మీటరు ఉన్నాయి. అబద్ధమాడతాడనుకున్నాను, ఆడలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పుకుంటూ పోయాడు.

"బొగ్గు మార్చమన్నావు కదక్కా. ఆ రోజు వేరే పనుండి తేదీ ఒక్కటీ రాసేసి వెళ్ళిపోయాను. రేపు మారుద్దామనుకున్నాను. అలాగే నెల దాటింది. వానలు పడ్డాక ఒక పొద్దున్న నువ్వు స్నానానికెళ్ళినప్పుడు నేనే చుక్కలేసి చూశాను, పసుపుపచ్చగా తిరిగింది. కొట్టుకెళ్తే కొత్త కడ్డీ రావడానికి రెండ్రోజులన్నారు. నువ్వు చూస్తే ఏమంటావోనని..."

"ఏమంటానని?"

"ఆ ఒక్క పనీ చేయలేకపోయానంటావని. రెండ్రోజులే కదా, ఆరబెడితే పోతుందిలే అనుకుని సీసాలో నీళ్ళు పోశాను. కడ్డీ రాగానే మార్చేశాను కూడా. చేపలు పోతాయనుకోలేదక్కా. నీ మీదొట్టు. ఆ తరవాత పళ్ళ డాక్టరు కళ్ళ మాట ఎత్తాడు. నా నోట్లోంచి అవునని వచ్చేసింది. వచ్చాక ఎలా వెనక్కి తీసుకోను?"

నేను తిట్టాను. ఏం తిట్టానో రాస్తే ఈ కాగితం తగలబడుతుంది. వదిన చేపల గురించి అడగలేదు. పోయిన పేరు గురించి అడగలేదు. వాడు ఏడవడం మొదలుపెట్టేదాకా ఆగి, చాలా మామూలుగా అడిగింది.

"నేను నడవాలో కళ్ళు మూసుకుని నడుస్తుంటే చూశావు కదరా."

"చూశానక్కా."

"మెట్లకి తాడు కట్టేటప్పుడు కూడా నీకు తెలుసు కదా, నా కళ్ళు బాగున్నాయని."

వాడు తలొంచుకున్నాడు. "తెలుసు" అన్నాడు.

వదిన తల ఊపింది, ఏదో చిన్న అనుమానం తీరినట్టు. "సరే, వెళ్ళు" అంది. వాడు కాళ్ళమీద పడబోతే పాదాలు కుర్చీ కిందకు లాక్కుంది. "ఎక్కడికని అడక్కు. నీ గది నీకు అక్కర్లేదిక."

వాడు సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమె మర్నాడు పళ్ళ డాక్టరుకు ఫోన్ చేసి తప్పు మా ఇంటిదేనని చెప్పింది, ఎవరిదో చెప్పలేదు. తాళంచెవి కొక్కేనికి తిరిగి వచ్చింది. గొట్టాలు మళ్ళీ చుక్కలు కారుస్తున్నాయి. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. "చూపు పోలేదు వదినా! ఇన్నాళ్ళు ఎంత కుమిలిపోయావు, ఇక హాయిగా ఉండు" అని వెర్రిదానిలా ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపాను.

ఆమె నావైపు చూసింది. ఆ కళ్ళకు అన్నీ కనబడుతున్నాయి.

"నిజంగా అవే పోయుంటే బాగుండేదమ్మాయీ" అంది. "చెయ్యి పట్టుకుని నడిపించడానికి వాడుండేవాడు."

నాకు కోపం తప్ప ఇంకేదీ రాదని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ మాట విన్నప్పుడు అదీ రాలేదు.